మనదంటూ ఒక పొలం చెక్క

(స్త్రీల కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



పుష్యమాసంలో పూసలు గుచ్చుకోవటానికైనా పొద్దు చాలదని మన పెద్దవాళ్ళ సామెత. పొద్దు పొట్టిదే. కాని ఏడాది మొత్తంలో పల్లెటూరివాళ్ళకి కాస్త తీరిక దొరికేది ఆ పొట్టి పొద్దుల్లోనే. వరికోతలు అయిపోతాయి. కుప్పలు నూర్చి, గింజలు తూర్పారబట్టి గాదెకెత్తేస్తారు. పండగ వస్తుంది, వెళ్తుంది. చేతికి పని తగ్గినప్పుడు మనసుకి పని పెరుగుతుంది కదా! రాత్రిళ్ళు కుంపటి దగ్గర కూర్చుని ఆలుమగలు లెక్కలు వేసుకుంటారు. ఇంత పండింది, ఇంత అప్పుకి పోయింది, ఇంత తిండికి ఉంచాం, వచ్చే ఏడాదికైనా మనదంటూ ఒక చెక్క కొనుక్కోగలమా అని.

పట్నాల్లో ఉన్న మనకి కూడా ఈ రోజుల్లోనే ఆ ఆలోచన వస్తుంది. తెల్లవారుజామున మంచులో పాలపేకెట్టు కోసం గుమ్మంలోకి వస్తాం. కుండీలో వేసిన చిక్కుడుపాదు నాలుగు పూలు పూసి కనబడుతుంది. అక్కడినుంచి మనసు పరుగెత్తుతుంది. గజపతినగరం పక్కనో, నరసన్నపేట పక్కనో ఒక్క ఎకరం; అందులో ఒక నుయ్యి, గట్టుమీద పది కొబ్బరిచెట్లు, పెరట్లో ఆనపపాదు, ఒక ఆవు. ఆ మాట పైకంటే భర్తగారు పేపరులోంచి తలెత్తి నవ్వి ఊరుకుంటారు. పిల్లలు, “అమ్మకి మళ్ళీ పొలం పూనింది” అంటారు.

నవ్వి ఊరుకోవలసిన మాట కాదని చెప్పటానికే ఈవేళ నేను ఈ విషయం ఎంచుకున్నాను. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల్లో ఈ కలకి రెండువందల ఏళ్ళ చరిత్ర ఉంది. సొంత పొలం అన్నది అక్కడ సామాన్యులకి ఊరికే రాలేదు. ఓడలెక్కి సంపాదించినవాళ్ళున్నారు, కాలినడకన మద్రాసు దాకా వెళ్ళి అడిగినవాళ్ళున్నారు, ప్రాణాలు ఇచ్చినవాళ్ళున్నారు. అంతమంది కష్టపడి తెచ్చుకున్న ఆ కాగితం మీద ఇల్లాలి పేరు మాత్రం అందరికన్నా ఆఖర్న ఎక్కింది. ఇంకా చాలా ఇళ్ళల్లో ఎక్కనే లేదు.

ముందు ఆ నేలని ఒకసారి కళ్ళముందు పెట్టుకుందాం. ఉత్తరాంధ్ర శీతకాలం పైకి నిద్రపోతున్నట్టు ఉంటుంది గాని నిద్రపోదు. వరిచేను ఇంకా నిలబడి ఉండగానే, కోతకి కొద్దిరోజుల ముందు, తడి ఆరని మళ్ళల్లో పెసలు, మినుములు జల్లేస్తారు. వరి కోసేసరికి కొయ్యకాళ్ళ మధ్యనుంచి చిన్న ఆకులు తొంగిచూస్తాయి. ఆపైన వాటికి వాన ఉండదు. మట్టిలో మిగిలిన చెమ్మ, రాత్రి కురిసిన మంచు, అంతే వాటి భాగ్యం. గరువుల్లో, అంటే మెరక భూముల్లో, ఉలవలు కూడా ఆ మంచుకే పెరుగుతాయి. చోళ్ళు కోసి ఇంటికి తెచ్చేసి ఉంటారు. గోగుకట్టలు చెరువుల్లో ఊరవేసి నార తీసే పని కూడా అప్పటికి తెములుతుంది. ఆ నార నెల్లిమర్ల వంటి చోట్ల ఉన్న జూటుమిల్లులకి వెళ్ళేది.

ఈ పనుల్లో ఆడవాళ్ళ చెయ్యి పడనిది ఏది? ఉభాలు, అంటే ఊడుపులు, వాళ్ళవే. కలుపు వాళ్ళదే. కోతల్లో సగం వాళ్ళది. చేటతో చెరిగేది వాళ్ళు. వచ్చే ఏటికి విత్తనం ఏరి, ఎండబెట్టి, బూడిద కలిపి, వేపాకు వేసి, కుండలో దాచేది వాళ్ళు. “శీతకాలంలో ఏం పని ఉంటుందీ?” అని అడిగితే పల్లెటూరి ఇల్లాలు నవ్వుతుంది. మగవాడికి తీరిక దొరికేది ఆమెకి దొరకదు. ఆమె కల కూడా చెరుగుతూనో, ఏరుతూనో కంటుంది.

మరి ఆ నేల ఎవరిది?

1802లో ఈస్టిండియా కుంపిణీవారు ఉత్తర సర్కారుల్లో శాశ్వత పరిష్కారం అనే పద్ధతి పెట్టారు. దానికి ఎనిమిదేళ్ళ ముందు, 1794లో, పద్మనాభం యుద్ధంలో విజయనగరం రాజు చిన విజయరామరాజు గారు కుంపిణీ సైన్యంతో పోరాడి మరణించారు. ఆ తరవాత ఆయన కుమారుడికి సంస్థానం తిరిగి ఇచ్చారు గాని, ఇక రాజ్యంగా కాదు, జమీందారీగా. 1802 లెక్కల్లో విజయనగరం జమీందారీ 24 పరగణాలు, 1157 గ్రామాలు. కుంపిణీకి ఏటా కట్టవలసిన పేష్కస్సు 5 లక్షల రూపాయలు. బొబ్బిలి, సాలూరు, కురుపాం, టెక్కలి, మందస, పర్లాకిమిడి, ఇలా ఈ ప్రాంతంలో అధికభాగం ఏదో ఒక జమీందారీలోకే వచ్చేది.

ఇందులో కిటుకు ఒకటుంది. జమీందారు కుంపిణీకి కట్టేది ఎప్పటికీ మారదు. రైతు జమీందారుకి కట్టేది మాత్రం మారకూడదని ఎక్కడా లేదు. పంట చేతికొచ్చిన ఈ శీతకాలపు నెలల్లోనే శిస్తు కిస్తులు మొదలయ్యేవి. శిస్తు ఒకటే అయితే సరిపెట్టుకోవచ్చు. పశువులు మేసినందుకు పుల్లరి, పెళ్ళికీ పేరంటానికీ నజరానాలు, పిలిస్తే వెళ్ళి చెయ్యవలసిన వెట్టి. చెరువుకి గండి పడితే బాగుచేయించవలసింది ఎస్టేటువారు. గండి అలాగే ఉండేది, శిస్తు మాత్రం తగ్గేది కాదు. జమీందారులందరూ ఒకేలాంటివారని నేను అనటం లేదు. విజయనగరం వారు చదువుకీ, సంగీతానికీ చేసినది లోకానికి తెలిసినదే. కాని ప్రభువు మంచివాడైతే బతకటం వేరు, మనకి హక్కు ఉండి బతకటం వేరు. ఆ తేడా ఇంటిల్లాలికి ఒకరు చెప్పనక్కరలేదు.

1908లో మద్రాసు ఎస్టేట్సు లాండు చట్టం వచ్చింది. అప్పటికి సాగులో ఉన్న రైతుని ఇష్టం వచ్చినట్టు తీసివెయ్యకూడదని, అతని అనుభవ హక్కు పిల్లలకి సంక్రమిస్తుందని ఆ చట్టం ఒప్పుకుంది. “జిరాయితీ” అన్న మాటకి బలం వచ్చింది అప్పుడే. కాని చట్టం పుస్తకంలోనూ, ఠాణేదారు కచేరీలోనూ ఒకటే కాదు కదా. పైగా ఆ హక్కు కూడా సాగు చేయించే రైతుకే. అతని దగ్గర ఏడాదికింత ధాన్యమని మాట్లాడుకుని పనిచేసే మనిషి ఉంటాడు. ఆ వైపు అతన్ని కంబారి అంటారు. కంబారికి ఆ చట్టంలో చోటు లేదు. కంబారి భార్యకి అసలే లేదు.

ఊళ్ళో దారి కనబడని ఆ కుటుంబాలు సముద్రం వైపు చూశాయి. ఉత్తరాంధ్ర పెద్దవాళ్ళ నోట “రంగం” అన్న మాట మీరు వినే ఉంటారు. రంగం అంటే రంగూను. వరికోతలు మొదలయ్యే కాలంలో బర్మాలో కోతలకీ, ఆ తరవాత బియ్యపుమిల్లుల్లో పనికీ వేలమంది కావాలి. అందుకని శీతకాలం వస్తూనే విశాఖపట్నం, భీమునిపట్నం, కళింగపట్నం, బారువ రేవుల్లో స్టీమర్లు జనాన్ని ఎక్కించుకునేవి. టిక్కెట్టు డబ్బులు మేస్త్రీ అడ్వాన్సు ఇచ్చేవాడు. ఆ బాకీ తీరేదాకా మనిషి అతని మాట వినాలి. రంగూను రేవులో మూటలు దింపటం, మిల్లుల్లో బస్తాలు మొయ్యటం, రిక్షా లాగటం, ఇవి మనవాళ్ళ పనులు. 1931 జనాభా లెక్కల్లో రంగూను పట్నంలో సగానికి పైగా భారతీయులే.

ఎందుకు వెళ్ళారు? బంగారం కోసం కాదు. తాకట్టులో ఉన్న చెక్క విడిపించుకోవటానికి, లేదా కొత్తగా ఒక చెక్క కొనటానికి. వెళ్ళినవాళ్ళలో మగవాళ్ళే ఎక్కువ. మరి ఇక్కడ ఉన్న ఇల్లాళ్ళు? అత్తమామలనీ పిల్లలనీ చూసుకుంటూ, కౌలు మడి దున్నించుకుంటూ, మనియార్డరు కోసం ఎదురుచూస్తూ గడిపారు. వచ్చిన నాలుగు రూపాయలూ ఊళ్ళో పెద్దమనిషి దగ్గర దాచారు. భూమి బేరం కుదిరితే దస్తావేజు ఎవరి పేర రాసేవారు? రంగంలో ఉన్నవాడి పేరనో, ఇంట్లో ఉన్న మామగారి పేరనో. దాచిన చెయ్యి పేరు అందులో సాధారణంగా ఉండేది కాదు.

ఆ దారి కూడా మూసుకుపోయింది. 1930 మే నెలలో రంగూను రేవులో పని విషయమై బర్మావారికీ తెలుగు కూలీలకీ మధ్య వచ్చిన గొడవల్లో ఎందరో మనవాళ్ళు చచ్చిపోయారు. 1941 డిసెంబరు 23న జపానువాళ్ళు రంగూను మీద బాంబులు వేశారు. స్టీమర్లు చాలలేదు. లక్షలాదిమంది భారతీయులు అడవులూ కొండలూ దాటి కాలినడకన బయలుదేరారు. దారిలో జ్వరాలకీ ఆకలికీ పోయినవాళ్ళు పోగా మిగిలినవాళ్ళు ఊళ్ళకి చేరారు. 1964 తరవాత, అక్కడి ప్రభుత్వం వ్యాపారాలు స్వాధీనం చేసుకున్నాక, మిగిలినవాళ్ళు కూడా వచ్చేశారు. విశాఖపట్నంలో బర్మా క్యాంపు అన్న పేరు అలా వచ్చిందే.

ఓడెక్కలేనివాళ్ళు, ఎక్కనివాళ్ళు, ఊళ్ళోనే నిలబడి అడిగారు. 1937-38లో రైతులు పెద్ద యాత్ర చేశారు. ఉత్తరాన ఇచ్ఛాపురంలో బయలుదేరి తొమ్మిది జిల్లాల మీదుగా 1500 మైళ్ళకి పైగా నడిచారు. మొత్తం 130 రోజుల నడక. రెండువేలమందికి పైగా రైతులు అందులో కలిశారు. దారిపొడుగునా ఊరూరా సభలు పెట్టి, 1100కి పైగా అర్జీలు పోగుచేసి, 1938 మార్చి 27న మద్రాసు శాసనసభకి అందజేశారు. మన ఇంటి పన్ను రసీదులో తప్పు దిద్దించటానికి ఆఫీసుకి రెండుసార్లు తిరగాలంటేనే విసుగు. వాళ్ళు 1500 మైళ్ళు నడిచారు. అప్పటి మంత్రివర్గంలో రెవిన్యూ మంత్రి టంగుటూరి ప్రకాశం పంతులుగారు. ఆయన అధ్యక్షతన వేసిన సంఘం, భూమికి అసలు హక్కుదారు రైతే, జమీందారు శిస్తు వసూలు చేసేవాడు మాత్రమే అని తేల్చింది. కాని 1939లో యుద్ధం వచ్చి మంత్రివర్గం రాజీనామా చేసింది. ఆ రిపోర్టు అలాగే ఉండిపోయింది.

1940 మార్చిలో పలాసలో అఖిల భారత కిసాన్ సభ జరిగింది. ఎక్కడెక్కడి నాయకులో ఆ చిన్న ఊరికి వచ్చారు. ఆ వేడి ఇంకా తగ్గకముందే, దగ్గర్లోనే, మందస జమీందారీలో గుడారి రాజమణిపురం అనే గ్రామంలో ఆ ఘటన జరిగింది. అడవినుంచి కలప, కట్టెలు తెచ్చుకోవటం మీద రైతులకీ ఎస్టేటుకీ తగాదా. నాగలికి కర్ర కావాలి, ఇంటికి దూలం కావాలి, పొయ్యిలోకి పుల్ల కావాలి. అవి లేకుండా వ్యవసాయం ఎక్కడిది? పోలీసులు రైతులని పట్టుకుపోవటానికి వచ్చారు. ఊరు ఊరంతా అడ్డం నిలబడింది. ఆ నిలబడినవాళ్ళలో ముందున్నది గున్నమ్మ అనే యువతి. పోలీసులు కాల్పులు జరిపారు. గున్నమ్మ, ఆమెతోపాటు మరికొందరు రైతులు ప్రాణాలు విడిచారు. అది 1940 ఏప్రిల్ 1. ఆ ప్రాంతంలో ఆమెని ఇప్పటికీ వీరగున్నమ్మ అనే పిలుచుకుంటారు.

ఈ సంగతి మన పిల్లల పాఠ్యపుస్తకాల్లో ఎంత ఉందో నేను చెప్పలేను గాని, ఒక్క మాట గుర్తుంచుకోవాలి. గున్నమ్మ ఏ పొలం కోసం, ఏ అడవి కోసం అడ్డు నిలబడిందో, అందులో ఒక్క సెంటుకైనా ఆనాటి చట్టం ప్రకారం ఆమెలాంటి కోడలు హక్కుదారు అయ్యేది కాదు. తనది కాని హక్కు కోసం, తనవాళ్ళ హక్కు కోసం నిలబడింది.

స్వాతంత్ర్యం వచ్చాక, 1948లో, మద్రాసు ప్రభుత్వం ఎస్టేట్ల రద్దు చట్టం తెచ్చింది. జమీందారీలు పోయి రైత్వారీ వచ్చింది. రైతుకీ సర్కారుకీ మధ్య ఎవరూ లేరు. సర్వే చేశారు, నంబర్లు వేశారు, పట్టాలు ఇచ్చారు. 1950లో శ్రీకాకుళం జిల్లా విడిగా ఏర్పడేనాటికి ఈ పని ముమ్మరంగా సాగుతోంది. పట్టా అనే ఆ కాగితాన్ని పెట్టెలో పసుపుగుడ్డలో చుట్టి దేవుడి పటం పక్కన పెట్టుకున్న ఇళ్ళున్నాయి.

1973లో భూపరిమితి చట్టం వచ్చింది. తరి అయితే 10 నుంచి 27 ఎకరాలు, మెట్ట అయితే 35 నుంచి 54 ఎకరాలు, అంతకి మించి ఒక కుటుంబానికి ఉండకూడదని. మిగులు భూమిలో కొంత పేదలకి చేరింది, కొంత పేర్లు మార్చుకుని ఉన్నచోటే ఉంది. పేర్లు మార్చవలసి వచ్చినప్పుడు మాత్రం కొందరు ఆసాములకి ఇంట్లో ఆడవాళ్ళ పేర్లు చటుక్కున గుర్తుకొచ్చాయి! పేరు ఆమెది, పెత్తనం వేరేవాళ్ళది. అది హక్కు అనిపించుకోదు.

ఇక అసలు సంగతికి వస్తాను. ఆడదాని పేరు కాగితం మీదికి ఎలా ఎక్కింది?

పూర్వం మన ఇళ్ళల్లో పసుపుకుంకుమల కింద కూతురికి అరెకరమో ఎకరమో ఇచ్చే ఆచారం ఉండేది. అది తండ్రి ప్రేమ, హక్కు కాదు. 1937లో హిందూ స్త్రీల ఆస్తి హక్కు చట్టం వచ్చింది. భర్త పోయిన ఇల్లాలికి అతని వాటా మీద బతికి ఉన్నంతకాలం అనుభవించే హక్కు ఇచ్చారు. సంతోషించేలోగానే, 1941లో ఫెడరల్ కోర్టు, వ్యవసాయ భూమికి ఇది వర్తించదని చెప్పింది. భూమి రాష్ట్రాల అధికారంలోది గనక కేంద్రం చేసిన చట్టం దాన్ని ముట్టుకోకూడదట. అంటే ఇల్లూ, నగలూ అయితే సరే, పొలం దగ్గరికి వచ్చేసరికి గుమ్మం బయటే. ఆ లోటు తీర్చటానికి మద్రాసు రాష్ట్రం 1947లో వేరే చట్టం చెయ్యవలసి వచ్చింది.

1956లో హిందూ వారసత్వ చట్టం వచ్చింది. అప్పటికి ఆడవాళ్ళ చేతిలో అనుభవ హక్కుతో ఉన్న ఆస్తి వాళ్ళ సొంత ఆస్తి అయింది. అది గొప్ప మార్పు. తండ్రి స్వార్జితంలో కూతురికి కొడుకుతో సమానవాటా వచ్చింది. కాని పిత్రార్జితం దగ్గర మెలిక ఉండిపోయింది. లెక్క చెప్తాను, వినండి. ఒక ఇంట్లో పిత్రార్జితం ఆరెకరాలు. తల్లి లేదు. ఒక కొడుకు, ఒక కూతురు. కొడుకు పుట్టుకతోనే భాగస్తుడు గనక మూడెకరాలు అతనివి. తండ్రి పోయాక ఆయన మూడెకరాలు ఇద్దరికీ చెరిసగం. అంటే కొడుక్కి నాలుగున్నర, కూతురికి ఒకటిన్నర. ఒక్క తల్లి కడుపున పుట్టినవాళ్ళకి ఇదీ పంపకం!

ఈ మెలికని విప్పటంలో మన రాష్ట్రమే ముందడుగు వేసింది. 1986లో ఆంధ్రప్రదేశ్ సవరణ చేసి, 1985 సెప్టెంబరు 5 నుంచి కూతురిని కూడా కొడుకులాగే పుట్టుకతో భాగస్తురాలిని చేసింది. ఇందాకటి ఆరెకరాల్లో ఇప్పుడు చెరి మూడూ. కాని ఆ తేదీకి ముందే పెళ్ళయిన ఆడపిల్లలకి ఇది లేదన్నారు. 2005 సెప్టెంబరు 9 నుంచి కేంద్రం దేశమంతటికీ ఈ హక్కు ఇచ్చినప్పుడు పెళ్ళి అయిందా కాలేదా అన్న ప్రశ్న తీసేసింది. ఆ రోజుకి తండ్రి బతికి ఉండాలా అన్న సందేహాన్ని కూడా 2020లో సుప్రీంకోర్టు తీర్చింది, అక్కరలేదని. అయితే 2004 డిసెంబరు 20కి ముందు పద్ధతి ప్రకారం జరిగిపోయిన పంపకాలు తిరగదోడటానికి లేదు.

చట్టం ఇంతదూరం వచ్చింది. మరి మనమో? పుట్టింటికి పండక్కి వెళ్ళినప్పుడు అన్నగారు ఒక కాగితం తెచ్చి, “ఇక్కడ సంతకం పెట్టమ్మా” అంటే, వదిన పెట్టిన చీర ఒళ్ళో ఉండగా, చదవకుండానే పెట్టేవాళ్ళం ఎంతమంది లేము! హక్కు వదులుకోవాలనుకుంటే వదులుకోవచ్చు, అది మన ఇష్టం. ఏం వదులుకుంటున్నామో తెలిసి వదులుకోవాలి, అంతే నేను అనేది.

ఇక్కడ కొండల సంగతి కూడా చెప్పాలి. ఎందుకంటే పట్నంవాళ్ళు కలగనే చల్లటి చోటు పార్వతీపురం, సీతంపేట కొండల దగ్గరే ఉంటుంది. అక్కడి సవరలు, జాతాపులు తరతరాలుగా పోడు చేసుకుని బతికారు. కిందనుంచి వెళ్ళిన షావుకార్లు ఉప్పూ, బట్టా అప్పిచ్చి, ఆ అప్పు కింద భూములు రాయించుకున్నారు. ఇది జరగకూడదని 1917లోనే గంజాం, విశాఖ ఏజెన్సీలకి చట్టం చేశారు. 1959లో ఇంకొకటి, 1970లో మరింత గట్టిది. షెడ్యూలు ప్రాంతంలో గిరిజనులు కానివాళ్ళు భూమి కొనటానికి వీల్లేదు. అన్ని చట్టాలు ఎందుకు కావలసి వచ్చాయంటే, ఏదీ సరిగ్గా అమలు కాలేదు గనకనే. 1967 అక్టోబరు 31న లేవిడిలో ఇద్దరు గిరిజనులని కాల్చి చంపారు. ఆ తరవాతి శ్రీకాకుళం పోరాటం అందరికీ తెలిసిన చరిత్ర.

ఆ గిరిజనులకి 2006లో అటవీ హక్కుల చట్టం వచ్చింది. అందులో ఒక మాట ఉంది, నాకు చాలా నచ్చింది. పెళ్ళయినవాళ్ళకి ఇచ్చే హక్కుపత్రం భార్యాభర్తలిద్దరి పేరా ఉండాలని చట్టంలోనే రాశారు. ఎవరూ అడగనక్కరలేదు, ఎవరూ దయతలచనక్కరలేదు. కొండమీద సవర ఇల్లాలికి ఉన్న ఈ సదుపాయం పల్లంలో పట్టాదారు పాసుపుస్తకం ఉన్న ఇంటి ఇల్లాలికి లేదు. ఆమె అడిగి రాయించుకోవలసిందే.

చిన్న కుటుంబం, చిన్న పొలం అంటే ఎలా ఉంటుందో చూడాలంటే ఉద్దానం చూడాలి. ఉద్యానం అన్న మాటే అలా మారిందంటారు. పలాస, వజ్రపుకొత్తూరు, సోంపేట, కవిటి వైపు సముద్రపుగాలికి పెరిగే కొబ్బరి, జీడిమామిడి, పనస, మునగ. చాలావరకు చిన్న చిన్న తోటలే. నాటుకొబ్బరి కాపుకి రావటానికి ఆరేడేళ్ళు పడుతుంది. కాని వచ్చాక రెండు మూడు తరాలు తింటాయి. అందుకే అక్కడ చెట్టుని బిడ్డతో పోలుస్తారు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. తాత నాటిన చెట్టు, తండ్రి నాటిన చెట్టు ఒక్క పూటలో నేలపడ్డాయి. నష్టం డబ్బు రాసుకునేటప్పుడు పట్టా ఎవరి పేర ఉంది అన్నదే మొదటి ప్రశ్న అవుతుంది. తోట పెంచింది ఎవరు అన్నది ఏ కాగితమూ అడగదు. ఆ తరవాతి శీతకాలం నుంచి ఆ కుటుంబాలు మళ్ళీ గుంతలు తీసి మొక్కలు పెట్టాయి. ఆరేడేళ్ళు ఆగగలిగినవాళ్ళే తోట కలగనాలని వాళ్ళని చూస్తే తెలుస్తుంది.

ఇంత విన్నాక, “అయితే పొలం కొనమంటారా, వద్దంటారా?” అని మీరు అడగవచ్చు. కలగనవద్దని నేననను. 2015-16 లెక్కల ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఒక్కో కమతం సగటున 0.94 హెక్టారు, అంటే రెండెకరాల ముప్పయి సెంట్ల చిల్లర. ఆ కాస్తలోనే లక్షల కుటుంబాలు బతుకుతున్నాయి. కాబట్టి ఎకరం చిన్నది కాదు. కాని కొనేముందు శీతకాలంలో ఒకసారి చూసి మురిసిపోకండి. మంచులో ఏ చేనైనా అందంగానే ఉంటుంది. వైశాఖంలో వెళ్ళి నూతిలో నీళ్ళు చూడండి. శ్రావణంలో వెళ్ళి గెడ్డ పొంగితే నీరు ఎంతదూరం వస్తుందో పక్క చేనువాళ్ళని అడగండి. అప్పుచేసి కొనవద్దు. అప్పు చిన్న రైతు బతుకుని ఎంతదూరం లాక్కుపోతుందో ఈ జిల్లా రచయిత కాళీపట్నం రామారావు గారు ‘యజ్ఞం’ కథలో రాశారు, చదవనివాళ్ళు చదవండి.

ఇంకొక ధర్మం కూడా ఉంది. మనం పట్నంలో ఉండి పొలం కౌలుకి ఇస్తాం. దున్నే ఆ కుటుంబానికి చేతిలో చీటీ లేకపోతే బ్యాంకు అప్పు రాదు, తుపాను సాయం రాదు. 2011లోనూ, 2019లోనూ కౌలుదార్లకి కార్డులిచ్చే చట్టాలు చేశారు. అయినా కాగితం రాస్తే భూమి చెయ్యిజారుతుందన్న భయంతో రాసివ్వని భూస్వాములే ఎక్కువ. ఆ భయం మనం పెట్టుకోకూడదు. కుంపటి దగ్గర కూర్చుని లెక్కలు వేసుకునే ఆలుమగలు ఆ ఇంట్లోనూ ఉంటారు.

ఆఖరిగా, కొన్నా, పుట్టింటినుంచి వచ్చినా, అత్తింట పంపకం జరిగినా, దస్తావేజులో మీ పేరు మీరే చూసుకోండి. పాసుపుస్తకం తెరిచి చూడండి. లేకపోతే, పోట్లాడనక్కరలేదు, భోజనాల వేళ నెమ్మదిగా అడగండి. “నా పేరు కూడా రాయిద్దామండీ” అన్న మాట ఆ రైతుల 1500 మైళ్ళ నడక కన్నా కష్టమైనది కాదు. వీరగున్నమ్మ నిలబడిన చోటు కన్నా ప్రమాదమైనదీ కాదు.